పిడికిలి ఆట

ఫిబ్రవరి 11

చెల్లాయ్,

పార్సెల్ అందింది. నేనే విప్పాను. మీ వదిన విప్పితే మంచివన్నీ నేరుగా ఆవిడ బీరువాలోకి నడిచి వెళ్ళిపోతాయి కాబట్టి కాస్త తొందరపడ్డాను. తీరా చూస్తే నాలుగు కత్తెరలు. వాటి కింద మూడు దువ్వెనలు, చీటీ కూడా చింపని మేజోళ్ళు రెండు జతలు. నా తల మీద దువ్వెనకి పని లేక ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. నువ్వు మంగలి కొట్టు పెట్టి ఎత్తేశావా, లేక కత్తెరల దుకాణానికి కన్నం వేసి సరుకు నా దగ్గర దాస్తున్నావా? రెండోదైతే ముందే చెప్పు, వాటా మాట్లాడుకుందాం.

"ఇంట్లో ఎక్కువయ్యాయి, వాడుకోండి" అని చీటీ పెట్టావు. ఇంట్లో పిల్లులు ఎక్కువవుతాయి, చుట్టాలు ఎక్కువవుతారు, అది నాకు తెలుసు. కత్తెరలు పిల్లలు పెట్టడం మాత్రం ఇదే వినడం. మీ వదినకి నవ్వు రాలేదు. ఒక కత్తెర తీసి గుడ్డముక్క మీద ఆడించి చూసి, "ఇది ఒక్కసారి కూడా వాడింది కాదండీ. ఆ పిల్ల ఎందుకిలా చేస్తోందో కనుక్కోండి" అంది. ఎదిగిన కూతురు ఉన్నదానివైనా మీ వదినకి నువ్వింకా ఆ పిల్లవే.

ఫోన్ చేసి అడుగుదామంటే నా చెవులు నీకు తెలిసినవే. ముప్పై ఏళ్ళుగా నేను తాళంచెవులు అరగదీస్తూ కూర్చుంటే ఆ యంత్రం నా చెవులు అరగదీసింది. ఫోనులో నీ గొంతు సీసాలో పడ్డ ఈగలా వినిపిస్తుంది. మనకి ఉత్తరాలే గతి. ఏడో తరగతిలో మేష్టారు నా రాత చూసి కోడి కాలికి సిరా అంటిందన్నాడు. ఆ కోడే ఇప్పుడు నీకు రాస్తోంది, గౌరవంగా చదువు.

నిన్న ఒక వకీలు వచ్చాడు, ఇంటి తాళం రావడం లేదని. వెళ్ళి చూద్దును కదా, అసలు తాళమే వేయలేదు, తలుపు బిగుసుకుంది అంతే. ఆ మాట చెప్పేస్తే నాకేం వస్తుంది? తలుపుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇది మహా మొండి రకమండీ" అంటూ అరగంట గోకాను. తర్వాత భుజంతో ఒక్క తోపు తోశాను. కూలి ఇచ్చి చెయ్యి కూడా కలిపాడు. చదువుకున్నవాళ్ళతో పని హాయిగా ఉంటుంది.

కత్తెరల సంగతి రాయి. దాస్తే నేనే వచ్చి నీ ఇల్లు సోదా చేస్తాను.

నీ అన్నయ్య

*

ఫిబ్రవరి 20

అన్నయ్యకి,

వదినని అడిగానని చెప్పు. మేజోళ్ళు నీకు సరిపోతాయో లేదో చూసి పంపలేదు, ఏమీ అనుకోకు.

కత్తెర కావాల్సి వస్తుంది. కనిపించదు. వెతకాలంటే మంచం కింద వంగాలి, స్టూలెక్కి అలమర పైన చూడాలి. అది తలుచుకోగానే కాళ్ళలో సత్తువ పోతుంది. మర్నాడు వచ్చేటప్పుడు కొత్తది కొంటాను. పాతది ఎప్పుడో దానంతటదే బయటపడుతుంది. ఇంట్లో అన్నీ ఇలాగే పెరిగాయి.

నవ్వుతావని తెలుసు. పగలంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని. యంత్రంలోంచి తడి దుప్పట్లు లాగితే మనిషిని లాగినంత బరువు ఉంటాయి. ఆ పని చేసి ఇంటికొచ్చి నా మేజోళ్ళు నేను ఉతుక్కోలేక కొత్తవి కొంటున్నాను. బస్సు ఆగే చోటి దాకా నడవలేక టాక్సీ ఎక్కుతున్నాను. పొయ్యి దగ్గర నిలబడలేక వండినవి పొట్లాల్లో తెచ్చుకుంటున్నాం. సబ్బుపొడి పెద్ద సంచీ అయితే చవక. దాన్ని నాలుగో అంతస్తుకి మోయలేను, అందుకని చిన్న పొట్లాలు కొంటాను, రెండింతలు అవుతుంది. తెలియక కాదు అన్నయ్యా. కొట్టువాడికి డబ్బు ఇచ్చేటప్పుడే తెలుస్తుంది. కానీ ఆ సమయానికి నా దగ్గర డబ్బైనా కాస్త ఉంటుంది, ఓపిక మాత్రం బొత్తిగా ఉండదు. ఉన్నదాన్నే ఖర్చు పెడుతున్నాను.

ముందు ఇలా లేను. ఈ చలికాలం నుంచే.

అసలు సంగతి ఇది. మా పనిచోటు వెనక వీధిలో కింది గది ఒకటి మే నెలాఖరుకి ఖాళీ అవుతోంది. ఒక్క మెట్టు కూడా లేదు. గుమ్మం దాటితే పని. మూడు నెలల అద్దె ముందుగా ఇచ్చినవాళ్ళకి ఇస్తానంది ఇంటావిడ. ఆ గది దొరికితే నేను ఇంకొన్నాళ్ళు పని చేయగలను, పిల్ల చదువు పూర్తవుతుంది. దొరక్కపోతే ఈ మెట్లు ఎన్నాళ్ళు ఎక్కుతానో తెలియదు. మీ బావగారు పోయినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

జీతం నా చేతిలో నిలవడం లేదు. చిన్నప్పుడు నా చిల్లర నువ్వు పిడికిట్లో పట్టుకునేవాడివి. ఇప్పుడూ పట్టుకో.

జబ్బేమీ లేదు. వట్టి అలసట. ఒంట్లో బాగోలేదని మేస్త్రితో అంటే మర్నాటికి నా చోట ఇంకో ఆవిడ నిలబడి ఉంటుంది.

చెల్లి

*

మార్చి 2

సత్తెకాలపు చెల్లాయికి,

నువ్వు అడగాలే గానీ పిడికిలి ఎప్పుడూ సిద్ధమే. వెంట వస్తున్న రేకుపెట్టె నా చేతులతో చేసింది. పైన సన్నటి కన్నం ఉంది. డబ్బు లోపలికి పోతుంది, బయటికి రాదు. గొళ్ళేనికి తాళంకప్ప వేసి ఉంది. గుడ్డసంచిలో ఇంకో నాలుగు ఉన్నాయి. ఇవి నొక్కితే పడే రకం, వేయడానికి తాళంచెవి అక్కర్లేదు, తీయడానికే కావాలి. తాళంచెవులు ఐదూ నా కొట్లో మేకుకి వేలాడుతున్నాయి. జీతం రాగానే అద్దె, తిండి ఖర్చు పక్కన పెట్టి మిగిలింది కన్నంలో పడెయ్యి. మధ్యలో ఏదైనా కావాలంటే నాకు రాయి. సబబుగా తోస్తే ఒక తాళంచెవి పంపుతాను. తెరిచి, తీసుకుని, వెంటనే సంచిలోది ఇంకొకటి నొక్కెయ్యి. ఐదు తాళంకప్పలు, ఐదు వేళ్ళు.

ఆట గుర్తుందా అని నన్నడుగుతావా? కనిపెట్టినవాణ్ణే నేను. నువ్వు పారేసుకుంటావని అమ్మ నీ చిల్లర నా చేతికిచ్చేది. బడి దగ్గర నేను పిడికిలి బిగించి ఒక్కో వేలు తెరవడానికి ఒక్కో శిక్ష వేసేవాణ్ణి. ఒంటికాలి మీద గేటు దాకా పో. కప్పలా గెంతు. ఒకసారి బడి చుట్టూ పదిసార్లు తిరిగి రమ్మని నేను ఆటలో పడి మర్చిపోయాను. ఆట ముగించి వచ్చేసరికి నువ్వింకా తిరుగుతున్నావు, లెక్క తప్పిందని మళ్ళీ మొదటి నుంచి. చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు. ఆ రోజు నుంచే నీకు సత్తెకాలపుదనే పేరు. ఇన్నేళ్ళు బతికాక ఆ వెర్రి కొంచెమైనా వదిలిందనుకుంటాను.

ఇప్పుడూ శిక్షలుంటాయి. ముందు శిక్ష, తర్వాత వేలు. అలసట అలసట అని ఏడుస్తున్నావు. ఒకడు మంచం కనిపెట్టాడు. అది అమ్ముడుపోక అలసటని కనిపెట్టాడు. అంతకుముందు మనుషులు నిలబడే నిద్రపోయేవాళ్ళు.

నీ గది ఎక్కడికీ పోదు. తాళం వేసింది నేను.

నీ అన్నయ్య

*

మార్చి 17

అన్నయ్యకి,

పెట్టె వచ్చింది. తెచ్చినవాడు కింద గుమ్మంలోనే దించి పోయాడు. మూడో అంతస్తులో ఉండే దర్జీ తాతగారు పైకి మోసిపెట్టాడు. ఆయన వెనకాల నేను వట్టి చేతులతో ఎక్కాను, అయినా ఆయన కంటే ఆలస్యంగా చేరాను. "పెట్టె నేను మోశానా అమ్మా, నువ్వు మోశావా?" అన్నాడు.

నీ ఉపాయం పనిచేస్తోంది. చేతిలో డబ్బు లేకపోతే టాక్సీ వైపు చూడబుద్ధి కూడా కాదు. నడిచి వస్తున్నాను. దారిలో బ్యాంకు మెట్ల మీద ఒకసారి, పార్కు గోడ మీద ఒకసారి కూర్చుంటాను. పొయ్యి నేల మీదికి దింపించుకుని కూర్చుని వండుతున్నాను. పొట్లాలు మానేశాం. కత్తెర కనబడకపోతే దారం పళ్ళతో తెంపుతున్నాను. మొదటి జీతంలోంచి నేను వేసింది పెట్టె అడుగున పడి చప్పుడు చేస్తే పిల్ల చప్పట్లు కొట్టింది.

మొదటి తాళంచెవి కావాలి. బూట్లు పట్టడం లేదు. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. వేలు పెట్టి నొక్కితే పడిన గుంట కాసేపు అలాగే ఉంటోంది. రోజంతా నిలబడే పని కదా, అందరికీ ఉండేదే అంటున్నారు మా పనివాళ్ళు. ఒక సైజు పెద్దవి కొనుక్కోవాలి.

శిక్ష చిన్నది వెయ్యి.

చెల్లి

*

మార్చి 26

మహారాణీ వారి దివ్య సముఖానికి,

తమ పాదాలు పెరుగుతున్నాయని విని మిక్కిలి సంతోషించాం. నలభై దాటాక పొట్ట పెరిగినవాళ్ళని చూశాను, నోరు పెరిగినవాళ్ళని రోజూ ఇంట్లో చూస్తున్నాను. పాదాలు పెరిగినదానివి నువ్వొక్కదానివే. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే ఎత్తు కూడా పెరుగుతావు, అలమర పైన పడున్న కత్తెరలన్నీ స్టూలు లేకుండా అందుతాయి.

బ్యాంకు మెట్ల మీద ఒక కొలువు, పార్కు గోడ మీద ఒక కొలువు తీరుస్తున్నావన్నమాట. వాపు అందుకే. తాళాల్లో కూడా ఇంతే. రోజూ తిప్పే తాళం పదేళ్ళయినా నున్నగా తిరుగుతుంది, వాడకుండా పడేసిన తాళమే బిగుసుకుంటుంది. కాళ్ళకి పని తగ్గింది, వాచాయి. పని చెప్పు, దిగుతాయి. మందు నేనే రాస్తున్నాను.

మొదటి తాళంచెవి ఇందులో ఉంది. శిక్ష ఇది: కింది గుమ్మం నుంచి నీ గుమ్మం దాకా రెండుసార్లు ఎక్కాలి. మధ్యలో ఆగకూడదు. ఆగితే మొదటి నుంచి.

పక్కనుంచి మీ వదిన గొణుగుతోంది, వాపంటే ఒకసారి డాక్టరుకి చూపించుకోమని రాయమని. రాశాను. ఆవిడకి తుమ్మొచ్చినా డాక్టరు కావాలి.

కొత్త బూట్లు వేసుకుని కొలువు తీర్చకు.

నీ అన్నయ్య

*

ఏప్రిల్ 7

అన్నయ్యకి,

శిక్ష అయింది. మొదటిసారి ఎక్కేశాను. రెండోసారి మూడో అంతస్తు దగ్గర ఆగిపోయాను. ఆగితే మొదటి నుంచి అన్నావు కనుక దిగి మళ్ళీ మొదలుపెట్టాను. అలా ఎక్కుతూ దిగుతూ ఉంటే దర్జీ తాతగారు తలుపు తీసి ఏం పోగొట్టుకున్నావమ్మా అన్నాడు. ఆట అని చెప్పడానికి సిగ్గేసి తాళంచెవి అన్నాను. పాపం ఆయన కళ్ళజోడు తెచ్చుకుని మెట్లన్నీ వెతికాడు. అది నా చేతిలోనే ఉంది. మర్నాడు తన చేతుల కుర్చీ ఒకటి తెచ్చి మెట్ల మలుపులో వేశాడు, నేను కూర్చోడానికని చెప్పకుండా, ఇంట్లో చోటు చాలడం లేదని చెప్పి.

బూట్లు కొన్నాను. మిగిలింది పెట్టెలో వేసి రెండో తాళంకప్ప నొక్కేశాను.

డాక్టరుకి చూపించుకోవాలంటే పూట పని పోతుంది. పైగా మా దుప్పట్లు వెళ్ళేది ఆ ఆసుపత్రికే. అక్కడ నన్ను చూసినవాళ్ళెవరైనా మేస్త్రి చెవిన వేస్తారు. వదినకి కోపం రాకుండా చెప్పు.

ఇంకో తాళంచెవి కావాలి. చదునుగా పడుకుంటే నిద్ర పట్టడం లేదు. ఎత్తుగా ఉంటే కాస్త పడుతోంది. ఉన్న రెండు దిండ్లూ నేనే తీసుకున్నాను, పిల్ల చెయ్యి మడిచి తల కింద పెట్టుకుంటోంది. ఒక్క దిండు కొనుక్కుంటాను.

ఇంకో రెండు జీతాలు పడితే గది మనది. వెళ్ళి ఒకసారి కిటికీలోంచి చూసి వచ్చాను. చిన్నదే. గుమ్మం మాత్రం నేలకి సమంగా ఉంది.

నీ ఉత్తరానికి పిల్ల పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను కానీ దగ్గొచ్చింది.

చెల్లి

*

ఏప్రిల్ 16

మూడు దిండ్ల మహారాణికి,

రాజుల కథల్లో కూడా రెండు దిండ్లే విన్నాను. ముందు బూట్లు, ఇప్పుడు దిండు. ఆ తర్వాత పల్లకీ అడుగుతావు, బోయీలని నేను వెతకాలి. పిడికిలి కాస్త వదులైందో లేదో నీ పాత బుద్ధి తొంగి చూస్తోంది. దుప్పట్ల మధ్య పనిచేసే మనిషికి తల కింద పెట్టుకోడానికి ఏమీ దొరకలేదా? పాత బట్టలు మూట కట్టు. నీ దగ్గర ఉతకని మేజోళ్ళు ఒక మూటకి సరిపడా ఉంటాయి.

ఈ మాట మీద ఇక్కడ పెద్ద గొడవైంది. మీ వదిన నా జ్వరం సంగతి తవ్వింది. పోయిన ఏడు నేను పడుకున్న వారం రోజుల్లో ఎన్నిసార్లు టాక్సీ పిలిపించానో, ఎన్ని పళ్ళరసం సీసాలు తెప్పించి సగం తాగి వదిలేశానో, వంట వద్దని హోటలుకి ఎన్నిసార్లు పంపానో అన్నీ వల్లించింది. "వారానికే మీరు ఇల్లు గుల్ల చేశారు. ఆ పిల్లకి చలికాలం నుంచి అలా ఉంది" అంది. నాది జ్వరం, దానిది బద్ధకం అన్నాను. ఆవిడ ఆ పూట నాతో మాట్లాడలేదు. చెవులు లేనివాడికి అదొక శిక్షా?

సరే, అడిగావు కనుక రెండో తాళంచెవి పంపుతున్నాను. ఈసారి శిక్ష మహారాణి స్థాయికి తగ్గట్టు ఉంటుంది. బకెట్టు నిండా నీళ్ళు పట్టి, కింది నుంచి పై దాకా మూడుసార్లు. ఆగకూడదు, చుక్క ఒలకకూడదు. ఇంకా ఏమైనా రాద్దామంటే నాకే నవ్వాగడం లేదు.

అయ్యాక రాయి, నీ నోట నాలుగు తిట్లు వినాలని ఉంది.

నీ అన్నయ్య

*

మే 3

చెల్లాయ్,

ఏమిటీ మౌనం? తిట్లు పోగు చేస్తున్నావా?

అయితే ఒప్పుకుంటున్నాను. ఆ తాళంచెవి ఉత్తుత్తిది. ఒక పన్ను ఎక్కువ అరగదీశాను. దూరుతుంది గానీ తిరగదు. ఉత్తరం విప్పగానే నువ్వు పెట్టె దగ్గరికి పరిగెత్తి, తిప్పి, తిరగక నన్ను తిడతావనుకున్నాను. అంత శిక్ష రాసింది అందుకే, చదివినవాళ్ళెవరికైనా అది ఆటేనని తెలియాలని. ఎవరైనా ముందు తాళంచెవి తిప్పి చూస్తారు కదా.

అసలుది ఇదిగో, ఇందులో పెట్టాను. దీనికి శిక్ష లేదు. దిండు కొనుక్కో, మెత్తటిది చూసి కొనుక్కో. గది బయానాకి గడువు దగ్గర పడుతోంది, ఆ సంగతి కూడా రాయి.

రెండు వాక్యాలైనా రాయి. మీ వదిన రోజూ పోస్టువాణ్ణి ఆపి అడుగుతోంది.

అన్నయ్య

*

మే 13

అన్నయ్యకి,

ఈ రాత పిల్లది. నేను చెబుతుంటే రాస్తోంది.

నీ ఏప్రిల్ ఉత్తరం ఒక ఆదివారం చదివాను. ముందు తిప్పి చూడొచ్చని నాకు తోచలేదు. ముందు శిక్ష, తర్వాత వేలు. ఆట అదే కదా.

మొదటిసారి కుర్చీ దగ్గర ఆగాను. బకెట్టు పారబోసి, దిగి, మళ్ళీ నింపుకున్నాను. రెండోసారి ఎంతవరకు ఎక్కానో నాకు తెలియదు. నీళ్ళు తలుపు కింద నుంచి లోపలికి వస్తే దర్జీ తాతగారు బయటికి వచ్చాడట. తాళంచెవి నా పిడికిట్లో ఉంది. పిల్ల నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసిందట.

ఆసుపత్రికి డబ్బు కావాలని పెట్టె తెరవబోయింది. తాళంచెవి దూరింది, తిరగలేదు. తానే సరిగా తిప్పడం లేదనుకుంది. తాతగారు కూడా తిప్పాడు. సుత్తితో కొట్టారు. నీ పని గట్టిది అన్నయ్యా, తాళంకప్ప రాలేదు, రేకూ చిరగలేదు. చివరికి దాన్ని వదిలేసి, ఆయన తన డబ్బు పెట్టి టాక్సీ పిలిపించాడు. కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. ఆలస్యమైందని డాక్టరు పిల్లని కోప్పడ్డాడట. అది మాత్రం నాకు బాధగా ఉంది. దాని తప్పేముంది.

నన్ను పడుకోబెట్టిన దుప్పటి మూల మడత మా వాళ్ళదే. చూడగానే తెలిసింది.

గుండె చలికాలం నుంచే సరిగా పనిచేయడం లేదట. పాదాల్లో చేరింది నీరట. ఊపిరితిత్తుల్లో కూడా చేరుతోంది కనుకే చదునుగా పడుకోలేకపోయానట. అలసట కూడా అదేనట. ఇన్నాళ్ళూ నేను బద్ధకమనే అనుకున్నాను. నీకూ జబ్బేమీ లేదనే రాశాను. నీ మీద కోపం లేదు.

నువ్వు రెండోసారి పంపిన తాళంచెవితో పెట్టె తెరుచుకుంది. అందులో ఉన్నది తాతగారి బాకీకి, ఆసుపత్రికి, మందులకి సరిపోయింది. గదికి ఏమీ మిగల్లేదు. ఇంటావిడ కబురు పెట్టింది, ఇంకెవరికో ఇచ్చేసిందట. పెట్టె ఖాళీ అయింది కదా, తాళం వెయ్యాలా అని పిల్ల అడిగింది. వెయ్యమన్నాను. మూడోది నొక్కింది.

ఇంటికి మళ్ళీ కుర్చీలోనే ఎక్కించారు. మెట్లు ఎక్కకూడదు అన్నాడు డాక్టరు. ఎక్కకూడదంటే దిగకూడదనే. కిటికీ దగ్గర మంచం వేశారు.

నా చోటు పోకుండా పిల్ల చదువు మానేసి దుప్పట్ల పనిలో చేరింది. ఇది రాయనంటోంది. రాయమన్నాను. మొదటి వారం కూలి అందిన రోజు ఒక పొట్లంలో వండినవి, కొత్త మేజోళ్ళు ఒక జత తెచ్చుకుంది. పాతవి ఏమయ్యాయే అంటే, "ఉతికే ఓపిక లేదమ్మా" అంది.

ఆటలో నా వంతు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు నేను ఒక శిక్ష వేస్తాను. నాకు నవ్వితే దగ్గొస్తోంది. నవ్వించే మాట ఒక్కటి కూడా లేకుండా ఒక ఉత్తరం రాయి.

చెల్లి

మామయ్యా, ఇది అమ్మ చెప్పింది కాదు, నేనే రాస్తున్నాను. అమ్మ ఎన్నాళ్ళకి లేచి తిరుగుతుందని డాక్టరుని అడిగాను. ఆయన కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. సుత్తితో నేను గట్టిగా కొట్టలేదేమో.

*

మే 21

చెల్లాయికి,

ఉత్తరం నిన్న వచ్చింది. మీ వదిన చదివింది. తర్వాత నేను చదివాను.

బజారు చివర నాలుగంతస్తుల మేడ ఉంది. ఈ ఉదయం బకెట్టు నింపుకుని వెళ్ళాను. ఒకసారి ఎక్కాను. రెండోసారి సగంలో కూర్చున్నాను. మూడోసారి ఎక్కలేదు.

పిల్లకి చెప్పు. ఆ తాళంకప్ప సుత్తికి వచ్చేది కాదు. ఎంత గట్టిగా కొట్టినా వచ్చేది కాదు. అలా చేసింది నేను. దాని చేతుల్లో లోపం లేదు.

కొట్టు మూశాను. అరగదీసే యంత్రం అమ్మేశాను. ఆ డబ్బు తెస్తున్నాను. మీ వదినా నేనూ సోమవారం బయలుదేరుతున్నాం. నీ పనిచోటు దగ్గర ఇంకో కింది గది వెతుకుతాను. దొరికిన రోజు తాతగారూ నేనూ నిన్ను కుర్చీలో దింపుతాం. దొరికేదాకా మీ వదిన నీ దగ్గర ఉంటుంది.

పిల్ల స్థానంలో నన్ను తీసుకుంటాడేమో మేస్త్రిని అడగమను. చెవులు సరిగా వినపడవని ముందే చెప్పమను. దుప్పటి మడత పెట్టడం నాకు రాదు. నువ్వు మంచం మీద నుంచి చూపిస్తే నేర్చుకుంటాను. పిల్ల మళ్ళీ చదువుకి వెళ్ళాలి.

మిగిలిన తాళంచెవులు మూడూ ఇందులో ఉన్నాయి. మూడూ సరైనవే. ఒక్కొక్కటీ అచ్చుతో పోల్చి చూశాను. వేసి ఉన్న తాళంకప్ప తీసెయ్యండి. సంచిలో ఉన్న రెండూ పారెయ్యండి. పెట్టె తెరిచి ఉంచండి.

మేజోళ్ళు కొన్నందుకు పిల్లని ఏమీ అనకు. విప్పినవి ఉతకొద్దని చెప్పు. ఒక మూల వేసి ఉంచమను. నేను వచ్చి ఉతుకుతాను.

అన్నయ్య